హామ్ రేడియోలో అంగడిమాట ఏల కూడదు?

ఈ సంవత్సరము మన పాఠశాల హామ్ రేడియో సంఘమునకు ఒక పరీక్ష వచ్చినది. ఒక వర్తకుడు కొత్త యంత్రమొకటి ఉచితముగా ఇచ్చెదననియు, ప్రతిదినము సంభాషణ ముగియునపుడు తన అంగడి పేరు ఒక్కమారు చెప్పిన చాలుననియు కబురు పంపినాడు. సంఘమునకున్నది పాత యంత్రమొక్కటే. అయినను మేము వందనములు తెలిపి వలదంటిమి. బాలురు చిన్నబుచ్చుకొనిరి. "ఈ వార్షిక సంచిక చివర అంగళ్ల ప్రకటనలు వేయుచున్నాము గదా! రేడియోలో మాత్రము తప్పేమి?" అని ఒక విద్యార్థి అడిగినాడు. అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానమే ఈ వ్యాసము.

హామ్ అనగా ధనాపేక్ష లేక, కేవలము అభిరుచిచేత రేడియో విద్యను అభ్యసించువాడు. స్వయంశిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన, ఈ మూడును అతని పనులని అంతర్జాతీయ నిబంధనలు చెప్పుచున్నవి. మన దేశమున 12 ఏండ్లు నిండినవారు పరీక్షలో నెగ్గి కేంద్ర ప్రభుత్వమునుండి అనుమతిపత్రము పొందవచ్చును. 1978 నాటి నియమావళి వ్యాపార వార్తలను, ప్రకటనలను నిషేధించినది.

ఈ నిషేధమునకు కారణమేమి? సంచికలో ప్రకటన పెరిగినచో పుటలు పెంచవచ్చును. ఇష్టము లేనివారు పుట త్రిప్పవచ్చును. ఆకాశమునకు పుటలు పెంచుట సాధ్యము కాదు. ఉదాహరణకు 144 నుండి 146 మెగాహెర్ట్‌జ్‌ల వరకు గల భాగము హాములది. అందులో ఒకే చోట, ఒకే సమయమున ఇద్దరు మాటాడినచో ఇద్దరి మాటయు చెడును. కనుకనే హాము మొదట చెవియొగ్గి విని, ఎవరును లేరని తెలిసికొని, పిదప నోరు తెరచును. ఇది ఊరిబావి వంటిది. ఒక వర్తకునికి చోటిచ్చినచో రెండవవానిని కాదనుట ఎట్లు? తుదకు నీళ్లకు వచ్చినవారికి చేద వేయ సందుండదు.

మరియొకటి నమ్మకము. ఫలాని ఏంటెన్నా మంచిదని ఒక హాము చెప్పినచో, అతనికి అందువలన లాభము లేదు గనుక మనము విందుము. యంత్రముల గుణదోషములు చర్చించుట తప్పు కాదు. కూలికి పొగడుటయే తప్పు.

ఈ శిక్షణకు ఫలము ఆపదలో కనబడును. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ తమ జట్టుతో పోర్టు బ్లెయిరుకు వెళ్లినది అభిరుచికొరకే. 26వ తేదీన సునామీ రాగా, వారు వినోదము మాని ద్వీపవాసుల క్షేమవార్తలు అందజేసిరి. మన బరంపురమువారికి ఇది వింత కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటిన తరువాత దినములకొలది విద్యుత్తు లేక, బంధువుల క్షేమము తెలియక మనము పడిన వేదన మరువరానిది. అట్టి రాత్రి ఒక మాట చేరుటకు ఖాళీగానున్న దారి కావలెను. ఆ దారిని విడిచిపెట్టు అలవాటు ముందుగానే ఉండవలెను.

షరతు లేక యంత్రమిచ్చు దాత ఎవరైనను ఉన్నచో సంతోషముతో స్వీకరించి, వారి పేరు ఈ సంచికలోనే ప్రకటింతుము. అందాక మన బాలురు పాత యంత్రమునే విప్పి, తెగిన తీగలకు టంకము వేసి నడుపుచున్నారు. కొత్తది వచ్చియున్నచో ఈ పని వారికి అబ్బెడిది కాదేమో!