కాఫీ దేశములో కాఫీ ముట్టనివారు

గ్వాటిమాలా మధ్య అమెరికాలో మెక్సికోకు దక్షిణమున నున్న చిన్న దేశము. కాఫీ దాని ముఖ్యమైన ఎగుమతి. మొన్న భూగోళ పాఠము ముగియగానే ఒక బాలుడు లేచి, “అచ్చట కాఫీ పండించువారిలోనే కాఫీ ముట్టనివారు కలరట, నిజమేనా మాష్టారూ?” అని యడిగెను. నిజమే. వారు మార్మన్ మతస్థులు. టీ, కాఫీ, మద్యము, పొగాకు వారికి నిషిద్ధములు. తెల్లవారకమునుపే చాయ్ గిన్నె పొయ్యిమీద కెక్కు మన కామాఠిపుర చాళ్లలో ఇది వింతగా తోచక మానదు.

ఈ మతమును 1830లో అమెరికా దేశపు న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ అను యువకుడు స్థాపించెను. వీరు క్రీస్తునే కొలుతురు. బైబిలుతో పాటు మార్మన్ గ్రంథమును గూడ పవిత్రముగా నెంచెదరు. ఇతర క్రైస్తవ శాఖలవా రనేకులు దీని నంగీకరింపరు. బహుభార్యాత్వమును గూర్చి పెద్దలు వినియుందురు; దానిని విడుచుచున్నట్లు ఆ సంఘము 1890లోనే ప్రకటించినది.

వీరి ప్రచారకులు 1947లో గ్వాటిమాలాలో అడుగిడిరి. అప్పటికి ఆ దేశము దాదాపుగా కథోలిక దేశము. నేడు సంఘపు లెక్క ప్రకారము అచ్చట రెండు లక్షలకు పైగా సభ్యులు కలరు. పేరు వ్రాయించుకొన్న వారందరును ఆదివారము ప్రార్థనకు వచ్చువారు కారని గుర్తుంచుకొనవలెను. 1984లో రాజధానిలో ఆలయము వెలసెను.

ఇంత పెరుగుదల ఎట్లు కలిగెను? 1960 మొదలు 1996 వరకు ఆ దేశమున అంతర్యుద్ధము సాగెను. నడుమ 1976లో వచ్చిన భూకంపమున ఇరువది వేలకు పైగా జనులు మరణించిరి. ఊరు విడిచి పట్టణము చేరిన వానికి పలుకరించు మనుష్యులు కావలెను. మన పూర్వులు తెలంగాణమునుండి కూలికై బొంబాయి చేరినపుడు గుడియు, భజనయు, కులసంఘమును వెదకుకొనలేదా? మార్మను ప్రచారకులో, ఇద్దరిద్దరుగా ఇంటింటికి పోయెదరు. అట్టి యువకులు జీతము లేక రెండేండ్లు పని చేయుదురు.

మరియొక కారణము భాష. మొదట స్పానిషులో బోధించిరి. పిమ్మట మాయా జాతుల కెక్చి మొదలగు భాషలలోనికి గ్రంథభాగములను అనువదించిరి. అమెరికా ఖండపు ప్రాచీనులలో కొందరు యెరూషలేమునుండి వచ్చిరని ఆ గ్రంథము చెప్పును. పురావస్తు పండితులు దీనిని ఒప్పరు గాని, చిరకాలము చిన్నచూపునకు గురియైన మాయావారిలో కొందరికి ఆ కథ గౌరవముగా తోచెను.

ఇక మనవారి సంగతి. ఎడ్విన్ ధర్మరాజు అను కీటకశాస్త్రజ్ఞుడు పసిఫిక్ సముద్రములోని సమోవా ద్వీపమున ఉద్యోగము చేయుచు, భార్య ఎల్సీతో ఈ మతమున చేరెను. 1978 చివర ఆ దంపతులు ప్రచారకులై హైదరాబాదునకు వచ్చిరి. బాప్తిస్మము పొందినవారు సుమారు ఇరువదిమంది బంధువులే. ఎల్సీ తండ్రి రెవరెండ్ పి. శ్రీనివాసము బాప్టిస్టు బోధకుడు. మార్మన్ గ్రంథమును తెనిగించినది ఆయనయే! కుమార్తె వేరొక శాఖతో ఇల్లు చేరినపుడు ఆ యింట ఎట్టి సంభాషణ జరిగెనో మన మూహింపవలసినదే. బడికి పోయిన బిడ్డ క్రొత్త భావముతో తిరిగివచ్చుట మన చాళ్లలోని తల్లిదండ్రులకును తెలియని యనుభవము కాదు. తలుపు మూయువారును కలరు, కూర్చుండి వినువారును కలరు.

2012లో హైదరాబాదున ‘స్టేక్’ అను మండలశాఖ ఏర్పడెను. భారతదేశమున అదియే మొదటిది. బెంగుళూరున ఆలయమును కట్టుదుమని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో భూమిపూజవంటి క్రతువు జరిపిరి. ఐనను దేశమంతటను వీరి సంఖ్య కొన్ని వేలు మాత్రమే. విదేశ ప్రచారకులకు ఇచ్చట అనుమతి సులభముగా దొరకదు; పైగా గ్వాటిమాలావలె మనది క్రైస్తవులు అధికసంఖ్యాకులైన దేశము కాదు.

ఇంత విని ఆ బాలుడు, “మరి వారు ఉదయమున నేమి త్రాగుదురు?” అనెను. ఆ దేశమున మొక్కజొన్న పిండితో ‘అతోల్’ అను వేడి పానీయము కాచుకొందురు. మన జావకు దగ్గరి చుట్టమే.