మీకు తెలుసా? ఏడు రంగుల హాదీ

హైదరాబాద్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్తుంటే హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ కనిపిస్తుంది. అక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసో గానీ, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున టెన్నిస్ ఆడినవారిలో ఒక హైదరాబాదీ ఉన్నాడు. ఆయన పేరు సయ్యద్ మహ్మద్ హాదీ. 1899లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివాడు. 1924, 25లలో డేవిస్ కప్ కూడా ఆడాడు.

అప్పట్లో పెద్ద టోర్నీల్లో అమెచ్యూర్లకే చోటు. గెలిచినా ప్రైజ్ మనీ ఉండదు. వింబుల్డన్ తలుపులు ప్రొఫెషనల్స్‌కు తెరుచుకున్నది 1968లోనే. అమెచ్యూర్ ఎవరనే తగువుతోనే పారిస్ తర్వాత ఒలింపిక్స్ నుంచి టెన్నిస్ తప్పుకుంది. మళ్లీ పతకాల పోటీగా వచ్చింది 1988 సియోల్‌లో!

హాదీకి రాకెట్ ఒక్కటే సరిపోలేదు. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, టేబుల్ టెన్నిస్, చదరంగం, పోలో... టెన్నిస్‌తో కలిపి ఏడు. అందుకే ‘రెయిన్‌బో హాదీ’ అన్నారు. ఇప్పుడైతే ఒక్క ఆటకే జీవితం చాలడం లేదు.

అసలు విశేషం ఇది: రంజీ ట్రోఫీ చరిత్రలో తొలి సెంచరీ కొట్టింది కూడా ఈ టెన్నిస్ ఆటగాడే. 1934-35లో మద్రాసు మీద, హైదరాబాద్ తరఫున, 132 నాటౌట్.