మాసిన పేజీల మూట

మొన్న వేసవిలో మా తల్లిదండ్రులకు సహస్రచంద్రదర్శనం జరిపించాము. ఫొటోలు తీసినది మా అమ్మాయి. మర్నాడు సాయంత్రం కెమెరా కార్డులో నుంచి వాటిని నా కంప్యూటరులోకి ఎక్కించాను. పని పూర్తి అయినట్లు తెరమీద కనిపించింది. "కార్డు చెరిపెయ్యనా, నాన్నా?" అని అమ్మాయి అడుగుతూండగానే కరెంటు పోయింది.

గంట తరువాత కరెంటు వచ్చింది. తెరిచి చూద్దును గదా, చివర ఎక్కించిన పదకొండు ఫొటోలకు పేర్లున్నాయి. లోపల ఏమీ లేదు! బంధువులందరూ కలిసి నిలబడ్డ ఫొటో ఆ పదకొండింటిలోనే వున్నది. కార్డు ఇంకా చెరపలేదు గనుక బతికిపోయాము.

"పూర్తి అయిందన్నది అబద్ధమాండీ?" అని మా ఆవిడ నిలదీసింది. అబద్ధం కాదు, సగం నిజం.

నా కంప్యూటరును నడిపేది లినక్స్. హెల్సింకీలో విద్యార్థిగా వుండగా లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఆపరేటింగ్ సిస్టం అది. మెమరీతో పోలిస్తే డిస్కు బహు నెమ్మది. అందుచేత మనమిచ్చినదాన్ని లినక్స్ ముందు మెమరీలో పేజీలుగా వుంచుకుని, వాటిమీద "మాసినవి" అని గుర్తు పెట్టి, "అయింది" అనేస్తుంది. మాసిన బట్టలు గంపలో వేసినట్లన్నమాట. సాధారణంగా 5 సెకండ్లకొకసారి గంప చూసి, 30 సెకండ్లు దాటిన పేజీలను డిస్కుకు పంపుతుంది. డిస్కు మీదికి చేరితేనే ఉతికినట్లు. మా పదకొండు ఫొటోలూ గంపలో వుండగానే కరెంటు పోయింది.

ఈ పేజీ ఎంతనుకున్నారు? మామూలు కంప్యూటర్లలో 4,096 బైట్లు. 1985లో వచ్చిన ఇంటెల్ 80386 నాటి కొలతే అది. ఆనాటి మెమరీకి అది సరిపోయింది. ఈనాడు ఒక్క గిగాబైటు ఫైలు వ్రాయాలంటే అటువంటి పేజీలు 2,62,144 కావాలి! ప్రతిదానికీ చోటు వెతకాలి, గుర్తు పెట్టాలి, పద్దు చూడాలి. ఒక్కొక్క చేతిరుమాలుకూ ఒక్కొక్క చాకలిపద్దు వ్రాసినట్లు!

దీనికి విరుగుడుగా మాథ్యూ విల్‌కాక్స్ అనే ప్రోగ్రామరు "ఫోలియో" అనే ఏర్పాటు తెచ్చాడు. లాటిన్ భాషలో దాని మూలానికి అర్థం ఆకు. మన తాటాకు పుస్తకాలకూ ఆకులే గదా! పక్కపక్కనున్న పేజీలను ఒకే మూటగా లెక్కపెట్టడమే ఇందులోని కిటుకు. 2 మెగాబైట్ల మూటలో 512 పేజీలు పడతాయి. పద్దు మాత్రం ఒక్కటే. 2022 జనవరిలో వెలువడిన లినక్స్ 5.16లో ఇది చేరింది.

అయితే మూట పెద్దదైతే కొత్త చిక్కు వచ్చింది. గుర్తు మూటకంతటికీ ఒక్కటే వున్నప్పుడు, లోపల ఒక్క అక్షరం మారినా 2 మెగాబైట్లూ మళ్ళీ డిస్కుకు మోయాలి. ఒక్క రుమాలు మాసిందని మూటంతా రేవుకు పంపే ఇల్లాలు ఎవరైనా వుంటారా?

2023లో వచ్చిన లినక్స్ 6.6లో దీనికి ఉపాయం చేశారు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైలు ఏర్పాట్లలో, పెద్ద వ్రాతకు పెద్ద మూట కట్టి, ఆ మూటలోపల ఏ ముక్క మాసిందో విడివిడిగా గుర్తుంచుకుంటారు. మాసిన ముక్కలే డిస్కుకు వెళతాయి. పెద్ద మూటకు మెమరీలో చోటు దొరకకపోతే చిన్నదానితో సరిపెట్టుకుంటారు. ఎక్కువమంది వాడే ఎక్స్‌ట్4కు పెద్ద ఫోలియోలు 2025లో, 6.16తో అందాయి.

ఇంతా విని మా ఆవిడ, "అయితే ఇకమీదట ఫొటోలు పోవుగా?" అన్నది. పోవని చెప్పలేను! మూట పెద్దదైతే పని చురుకవుతుందే గాని, రేవుకు చేరేదాకా అది మాసిన మూటే. వెంటనే పంపాలంటే మనమే చెప్పాలి. ఆ ఆజ్ఞ పేరు "సింక్".

ఆ రాత్రి ఫొటోలు మళ్ళీ ఎక్కించాను. సింక్ అని కొట్టి, అది ముగిసేదాకా కదలకుండా కూర్చున్నాను. "ఇప్పుడు చెరపనా, నాన్నా?" అన్నది అమ్మాయి.

"వద్దులే, కార్డు కూడా వుండనీ" అన్నది వాళ్ళమ్మ. నాకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు.