‘టెన్షన్’ అని కొడితే తలనొప్పే వస్తది

అప్పులైన రైతును అడుగుండ్రి, "మస్తు టెన్షనైతాంది" అంటడు. ప్రాజెక్టు రాసే తమ్ముడు గదే మాటను ఇంగ్లిష్‌ల పబ్‌మెడ్‌ల కొడితే తలనొప్పి మీద, కండరాల బిగువు మీద పేపర్లొస్తయి. "మన బాధ మీద ఎవలూ రాయలే" అనుకుంటడు. రాసిండ్రు. మాట వేరే ఉన్నది, గంతే.

పరిశోధకులు దాన్ని ‘సైకలాజికల్ డిస్ట్రెస్’, ‘స్ట్రెస్’, ‘డిప్రెషన్’ అని రాస్తరు. గందుకే ముందుగాల ప్రశ్నను ముక్కలు చెయ్యాలె: ఎవలు? ఏం బాధ? ఎక్కడ? ఒక్కో ముక్కకు సాటి మాటలు రాసుకొని, వాటి నడుమ ‘ఆర్’ పెట్టి, బ్రాకెట్ల ముయ్యాలె. ముక్కకూ ముక్కకూ నడుమ ‘అండ్’ పెట్టాలె. రెండూ పెద్ద అక్షరాలల్లనే కొట్టాలె. రెండు మాటలు కలిసే ఉండాల్నంటే కోట్స్ పెట్టాలె.

పనికొచ్చే పేపరొకటి దొరికితే కిందికి పోయి ‘మెష్ టర్మ్స్’ చూడుండ్రి. ఆ పేపర్ దేని గురించో చెప్పే ముద్దర మాటలవి. వాటితోని మళ్ల వెతుకుండ్రి. పబ్‌మెడ్‌ల వెతకనీకి పైసా కట్టే పని లేదు.

ఒక్కటి యాదుంచుకోండ్రి. ‘ఫార్మర్స్’ అని ఒక్కటే కొడితే కూలోళ్ల మీద రాసిన పేపర్లు జారిపోతయి. ‘అగ్రికల్చరల్ లేబరర్స్’ కూడా కలపాలె. మనం మాట మరిస్తే, ఆ మనిషి లెక్కలకే రాడు.