వెండితెరలోని వెండి: తొలి టాకీలు ఎందుకు మిగల్లేదు?

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో 1950లో ప్రారంభమైన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, పాడైన ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి విలువైన లోహాలను రాబట్టే పద్ధతులపై పనిచేస్తోంది. పనికిరాని దాంట్లోంచి వెండి తీయడం మంచి విషయమే. కానీ ఒకప్పుడు 'పనికిరానివి' అనుకున్న వాటిలో సినిమా రీళ్లు కూడా ఉండేవి!

నలుపు-తెలుపు ఫిల్మ్‌లో మనకు కనిపించే నలుపంతా జిలాటిన్ పొరలో ఇమిడిన సన్నటి వెండి రేణువులే. ఫిల్మ్ అంచున ఉండే శబ్దపు చారా వెండిదే. అంటే భయానక చిత్రంలో కిర్రుమనే తలుపు చప్పుడు కూడా వెండి గీతే. ఆట ముగిశాక రీళ్లను కాల్చి, ఆ బూడిదలోంచి వెండి తీసి అమ్ముకునేవారు.

అలా కాల్చకపోయినా ముప్పు తప్పేది కాదు. 1950ల ఆరంభం వరకు వాడిన ఫిల్మ్ సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారయ్యేది. ఇది గన్‌కాటన్ అనే పేలుడు పదార్థానికి దగ్గరి చుట్టం. నిల్వలో మెల్లగా విచ్ఛిన్నమై నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. అవి గాలిలోని తేమతో కలిసి ఆమ్లంగా మారతాయి, ఆ ఆమ్లం విచ్ఛిన్నాన్ని మరింత వేగవంతం చేస్తుంది. బొమ్మ వెలిసిపోతుంది, రీలు జిగురుగా మారుతుంది, చివరికి గోధుమరంగు పొడి మిగులుతుంది. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. మండడానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువుల్లోనే ఉంది.

హాలీవుడ్ స్టూడియోల భయానక చిత్రాలకూ ఇదే గండం. యూనివర్సల్ సంస్థ 1930లో తీసిన 'ది క్యాట్ క్రీప్స్' నేడు లేదు. జేమ్స్ వేల్ 1932లో తీసిన 'ది ఓల్డ్ డార్క్ హౌస్' కూడా పోయిందనే అనుకున్నారు. దర్శకుడు కర్టిస్ హారింగ్టన్ పట్టువదలకుండా వెతికించగా 1968లో స్టూడియో గిడ్డంగిలో దొరికింది. 1933 నాటి 'మిస్టరీ ఆఫ్ ది వ్యాక్స్ మ్యూజియం' ప్రతి నిర్మాత జాక్ వార్నర్ సొంత సేకరణలో బయటపడింది. మైనపు బొమ్మలు మంటల్లో కరిగిపోయే ఆ కథను, మైనం కంటే వేగంగా మండే ఫిల్మ్ మీదే తీశారు!

మనకు అంత అదృష్టం లేదు. 1931 నాటి 'ఆలం ఆరా', 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతులు దొరకడం లేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో గానీ ఏర్పడలేదు. అక్కడి నైట్రేట్ రీళ్లు కూడా 2003 జనవరి అగ్నిప్రమాదంలో చాలా వరకు కాలిపోయాయి.

మీ ఊళ్లో పాత టాకీసు అటకపై తుప్పుపట్టిన రీళ్ల డబ్బా కనిపిస్తే మంట దగ్గరకు తీసుకెళ్లకండి, ఎండలో పెట్టకండి, పాత సామాన్లవాడికి అమ్మకండి. పుణెకు కబురు పంపండి.