యుద్ధాశ్వాల ఋణం

ద్రోణపర్వంలో సైంధవవధకు ముందటి ఘట్టం చదివినవారికి ఒక సన్నివేశం తప్పక గుర్తుండి ఉంటుంది. ఎండ ముదిరే వేళకు అర్జునుని రథాశ్వాలు బాణాల గాయాలతో, దప్పికతో డస్సిపోయినవి. అర్జునుడు రథం దిగి, నేలమీద నిలిచి శత్రుసేనను నిలువరిస్తూ, బాణంతో భూమిని భేదించి అక్కడికక్కడ ఒక కొలనును కల్పించినాడు. శ్రీకృష్ణుడు గుర్రాలను విప్పి, వాటి ఒంట నాటిన ములుకులు పెరికి, మేను నిమిరి, నీరు త్రాగించి, అలసట తీరిన తరువాత మరల రథానికి పూన్చినాడు. లోకనాథునికి గుర్రపువాని పని నామోషీ అనిపించలేదు. యుద్ధమధ్యంలో గుర్రానికి జరిగిన ఈ ఉపచారం మనకు తెలుసు. యుద్ధం ముగిసిన పిమ్మట బ్రతికి మిగిలిన గుర్రాలు ఏమయినవని అడిగేవారు మాత్రం అరుదు. ఇరువదవ శతాబ్దంలో ఒక ఆంగ్ల వనిత ఆ ప్రశ్న అడిగినది. అడిగి ఊరకుండక, చందాలు పోగుచేసి దానికి సమాధానం చెప్పబూనినది.

1914-18 నాటి మహాసంగ్రామంలో మోటారు బండ్లు వచ్చినా బరువంతా మోసినవి గుర్రాలు, కంచరగాడిదలే. ఒక్క ఆస్ట్రేలియా నుండియే 1,30,000కు పైగా గుర్రాలు సముద్రాలు దాటి పోయినవి. న్యూ సౌత్ వేల్స్ పేరును బట్టి వీటికి వేలర్లు అని పేరు వచ్చినది. మన దేశంలోని నాటి అశ్వసైన్యానికి కూడ ఈ జాతి గుర్రాలనే ఓడలలో తెప్పించేవారు. అన్ని వేల గుర్రాలలో స్వదేశానికి తిరిగివచ్చినది ఒకే ఒక్కటి. దాని పేరు శాండీ. తక్కినవి రాకపోవడానికి కారణం గుండె లేకపోవడమని ఒక్కమాటలో తేల్చివేయరాదు. ఓడ కిరాయి భారం, పరదేశపు పశువ్యాధులు తమ మందలకు సోకునన్న భయం, ఈ రెండూ అడ్డు నిలిచినవి. ముసలివానిని, జబ్బుపడినవానిని కాల్చివేసినారు. పనికివచ్చేవానిని అక్కడక్కడ అమ్మివేసినారు. ఆ విధంగా బ్రిటిషు సైన్యపు గుర్రాలు వేలకొలదిగా ఈజిప్టు దేశపు అంగళ్ళలో అమ్ముడుపోయినవి.

1930లో డారతీ బ్రూక్ కైరో నగరానికి వచ్చినది. ఆమె భర్త అక్కడి బ్రిటిషు అశ్వదళానికి అధిపతి. తక్కిన దొరసానుల వలె విందులతో, వినోదాలతో కాలం గడపవలసిన ఆమె, పాత సైన్యపు గుర్రాలు ఇంకా ఎక్కడైనా ఉన్నవా అని వీధులలో వెదకసాగినది. ఉన్నవి. రాతిబండ్లకు, మట్టిబండ్లకు కట్టబడి, కీళ్ళు వాచి, మోకాళ్ళు చిట్లి, చూపు మందగించి ఉన్నవి. తుంటిమీద వేసిన సైన్యపు ముద్ర, బాణపుములికి గుర్తు, ఇంకా చెరగలేదు. పాఠకులు ఒక చిన్న లెక్క వేసుకొనవచ్చును. 1918లో అయిదేండ్ల పడుచు గుర్రం 1930 నాటికి పదునేడేండ్లది. నాడు పదేండ్లు దాటినదైతే ఇరువదికి పైబడినది. ఆ వయసులో గుర్రానికి కావలసినది నీడ, నానిన గ్రాసం, రాతిబండి కాదు.

1931లో ఆమె లండనులోని ‘మార్నింగ్ పోస్ట్’ పత్రికకు ఒక లేఖ వ్రాసినది. ఆ పత్రిక 1937లో డెయిలీ టెలిగ్రాఫులో లీనమైపోయినది గాని, ఆ లేఖ ఫలం నిలిచిపోయినది. దేశానికి సేవచేసిన మూగజీవులు ఏ గతిలో ఉన్నవో చెప్పి, వాటిని కొని విడిపించడానికి ధనసహాయం చేయండని ఆమె అడిగినది. పాఠకులు పంపిన విరాళాల మొత్తం నేటి విలువలో 20,000 పౌండ్లకు సమానమని ఆ సంస్థవారు చెపుతారు. ఒక్క ఉత్తరానికి అంత స్పందన రావడం సామాన్యం కాదు.

ఇటువంటి పనులకు డబ్బు ఎప్పుడూ ఇంత సులభంగా రాలేదు. పశుహింసను శిక్షించే చట్టం 1822లో ఇంగ్లండు పార్లమెంటులో నెగ్గిన తరువాత, 1824లో లండనులో జంతుహింసా నివారణ సంఘం వెలసినది. దానికి మూలపురుషుడైన ఆర్థర్ బ్రూమ్ అనే మతాచార్యుడు ఉన్న ఉద్యోగం వదలుకొని సంఘం పనిలో దిగినాడు. చందాలు చాలలేదు, అప్పులు పెరిగినవి. 1826లో ఆ అప్పులకే ఆయన చెరసాల పాలయినాడు. తరువాత రాణి విక్టోరియా ఆదరం పొంది, రాజబిరుదు ధరించిన మహాసంస్థ మొదటి అధ్యాయం ఇది. కరుణకు కూడ జమాఖర్చుల పుస్తకం ఉండి తీరవలెనని బ్రూమ్ తన ఒంటిమీద నేర్చుకొన్నాడు.

డారతీ బ్రూక్ పుస్తకం జాగ్రత్తగా వ్రాసినది. ఒక సమితిని ఏర్పరచి, మూడు సంవత్సరాలలో సుమారు 5,000 యుద్ధాశ్వాలను కొన్నది. అయితే ఇందులో ఒక కఠిన సత్యం ఉన్నది. కొన్నవానిలో అధికభాగం బాగుపడే దశ దాటిపోయినవి. మెత్తని పరుపుగడ్డి, కడుపునిండ మేత, కొలదిపాటి విశ్రాంతి, ఆ పిమ్మట నొప్పి తెలియని మరణం. ధర్మనిధి వాటికి ఇవ్వగలిగినది ఇంతే. చచ్చే గుర్రానికి ఇంత ధనమా అని లోకం అడుగక మానదు. అదే సొమ్ముతో పడుచు గుర్రాలను కొని పోషించరాదా అన్నది వ్యాపారి లెక్క. ఋణగ్రస్తుని లెక్క వేరు. ఎవరు తన బరువు మోసినారో వారికే అతడు తీర్చవలెను. వారు ముసలివారైనారన్న కారణంగా బాకీ రద్దుకాదు. ఆమె చేసినది సబబని ఒప్పుకొనక తప్పదు.

అంతకంటె చిక్కుప్రశ్న మరొకటి ఉన్నది. గుర్రాన్ని అమ్మినవాడు ఆ డబ్బుతో ఏమి చేస్తాడు? మరొక గుర్రాన్నో గాడిదనో కొంటాడు. మరునాడు దానికీ అదే రాతిబండి. బండివాడు పుట్టుకతో క్రూరుడు కాడు. నాటి కూలి నాటి పొట్టకు చాలని సంసారి. గుర్రం ఒకపూట నిలిచిపోతే ఇంటిలో పొయ్యి రాజదు. మన ఊళ్ళలో రైలుస్టేషను ముందు జట్కాలు బారులు తీరిన రోజులు ఎరిగినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఉలవగుగ్గిళ్ళు పెట్టగలిగిన నాడు పెట్టినవాడే, పెట్టలేని నాడు కొరడా ఝళిపించినాడు. బండివానిని తిట్టి గుర్రాన్ని మాత్రమే రక్షింపబూనిన దయ సగం దయ. డారతీ బ్రూక్ ఈ మర్మం గ్రహించినది కనుకనే ఆమె పని కొనుగోలుతో ఆగలేదు. 1934లో కైరోలో పాత యుద్ధాశ్వాల స్మారక చికిత్సాలయాన్ని నెలకొల్పినది. అక్కడ పేదల గుర్రాలకు, గాడిదలకు ఉచితవైద్యం. పుండు రాచుకొనకుండ జీను సరిచేయడం, డెక్క అరగకముందే లాడం మార్చడం వంటివి యజమానికి నేర్పితే, కొనవలసిన గుర్రాల సంఖ్య తనంతట తగ్గుతుంది. యుద్ధాశ్వాలన్నీ గతించిపోయినవి, 1955లో ఆమె కూడ కైరోలోనే కన్నుమూసినది. ఆమె పేరిటి సంస్థ మాత్రం లండను కేంద్రంగా, భారతదేశంతో సహా అనేక దేశాలలో శ్రమించే గుర్రాల, గాడిదల కొరకు నేటికీ పనిచేస్తున్నది.

మనుష్యులకూ పశువులకూ వేర్వేరుగా చికిత్స ఏర్పాటు చేసినట్లు అశోకుడు తన రెండవ శిలాశాసనంలో ప్రకటించినాడు. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండమీద కూడ ఉన్నది. నాడు వ్యయం రాజుది. నేటి ఏర్పాటు వేరు. రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభ సభ్యురాలై, జంతుహింస నివారణకు బిల్లు ప్రవేశపెట్టి పట్టుబట్టిన ఫలితంగా 1960లో మనకు చట్టం ఏర్పడినది. 1962లో నెలకొన్న జంతుసంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. మొదటి నేరానికి ఆ చట్టం విధించిన జుల్మానా పది రూపాయలు మొదలు యాభై వరకు. ఒకపూట మేతకు చాలని సొమ్ము. జుల్మానా సంగతి తెలిసినంతగా ముప్పది అయిదవ సెక్షను సంగతి జనానికి తెలియదు. హింసకు గురియైన పశువును మేజిస్ట్రేటు చికిత్సాలయానికి పంపవచ్చును. చేర్చినందుకు, మేపినందుకు, మందు వేసినందుకు అయ్యే ఖర్చు యజమాని చెల్లించవలెను. చెల్లించకుంటే భూమిశిస్తు బకాయి వలె వసూలు చేయవచ్చును. అయితే యజమాని పేదవాడని తోచినప్పుడు వైద్యపు ఖర్చు తీసుకొనరాదని మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చునని కూడ అందులోనే వ్రాసి ఉన్నది. అప్పుడు ఆ మందుల ఖరీదు చికిత్సాలయం వారి చందాల పుస్తకంలో, ఖర్చుల పద్దు క్రింద చేరుతుంది.