పాత కంప్యూటర్‌లో కరెంటు డబ్బా

అటక మీద నుంచి దించిన బీబీసీ మైక్రో కంప్యూటర్‌కు దుమ్ము దులిపి, టీవీకి కలిపి స్విచ్ వేస్తే చాలాసార్లు అది లేస్తుంది. రెండు స్వరాల బీప్ వినిపిస్తుంది. తెర మీద ‘బీబీసీ కంప్యూటర్ 32కే’ అన్న అక్షరాలు పడతాయి. ఇంట్లోవాళ్లంతా చుట్టూ చేరతారు. కాసేపటికి లోపల టప్‌మని చప్పుడు, ఆ వెంటనే పొగ, ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటు వాసన. అప్పుడు కూడా తెర మీద అక్షరాలు అలాగే ఉంటాయి, కీబోర్డు పనిచేస్తూనే ఉంటుంది. పేలింది కంప్యూటర్ కాదు. దానికి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాలోని చిన్న కెపాసిటర్ ఒకటి.

పాత కంప్యూటర్లను భద్రపరిచే వాళ్లందరికీ ఈ వాసన తెలుసు. అది రాకముందే డబ్బా విప్పి, లోపలి భాగాలు మార్చడం ఇప్పుడు వాళ్లు చేసే మొదటి పని.

బీబీసీ మైక్రోను కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంప్యూటర్స్ సంస్థ 1981 డిసెంబరులో విడుదల చేసింది. సామాన్య జనానికి కంప్యూటర్ నేర్పాలని బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ తలపెట్టిన ప్రాజెక్టు కోసం పుట్టిన యంత్రం ఇది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దీని రూపకర్తల్లో ముఖ్యులు. 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్, ‘మోడల్ బి’లో 32 కిలోబైట్ల మెమరీ దీని సరంజామా. ఇవాళ ఫోనుతో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అయినా ఇవి 15 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

మన దేశంతోనూ దీనికి చుట్టరికం ఉంది. బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి భారత ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన ‘క్లాస్’ పథకం కింద బడులకు చేరింది ఈ యంత్రమే. మొహాలీలోని ప్రభుత్వరంగ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ దీన్ని ‘యూనికార్న్’ పేరుతో ఇక్కడే తయారుచేసింది. ఎనభైల్లో బడి కంప్యూటర్ గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికెళ్లిన వాళ్లలో కొందరికి ఆ లేత గోధుమరంగు పెట్టె, నల్లటి కీల పైన ఎర్రటి ఫంక్షన్ కీల వరుస ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి.

నలభై ఏళ్లు దాటినా ఈ యంత్రాల్లోని చిప్పులు చాలావరకు బాగానే ఉన్నాయి. అవి 5 వోల్టుల దగ్గర పెద్దగా ఒత్తిడి లేకుండా పనిచేస్తాయి. పవర్ సప్లై పరిస్థితి అది కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల దెబ్బ తినేది అదే. వేడిలో నడిచేదీ అదే. కాలంతో పాటు ఎండిపోయే ద్రవం, తేమ పీల్చే కాగితం లాంటి వస్తువులు ఎక్కువగా ఉండేది కూడా అందులోనే. అందుకే ముందుగా ముసలిదయ్యేది పవర్ సప్లై.

అసలు బీబీసీ మైక్రోకు పవర్ సప్లై మార్పు కొత్తేమీ కాదు. తొలి యంత్రాల్లో బీబీసీ ఇంజనీర్ల పట్టుదల మీద లీనియర్ పద్ధతి సప్లై పెట్టారు. ఈ పద్ధతిలో బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తే, ఆ తర్వాత రెగ్యులేటర్ దాన్ని సరిగ్గా 5 వోల్టులకు దించుతుంది. దించిన మేరకు మిగిలిందంతా వేడిగా పోతుంది. కాలువ నిండుగా నీరు వదిలి, మడికి కావలసినంత పెట్టి, మిగతాది డొంకలోకి పారబెట్టినట్టు. ఈ డబ్బాలు విపరీతంగా వేడెక్కడంతో ఏకార్న్ త్వరలోనే వాటిని వదిలి, మనవాళ్లు ‘ఎస్‌ఎంపీఎస్’ అని పిలిచే స్విచింగ్ సప్లైలకు మారింది. వాటిని తయారుచేసింది హాంకాంగ్‌కు చెందిన ఆస్టెక్ సంస్థ.

ఎస్‌ఎంపీఎస్ పనితీరు వేరు. గోడ కరెంటును నేరుగా డీసీగా మారుస్తుంది. 230 వోల్టుల ఏసీ ఇలా మారేసరికి సుమారు 325 వోల్టులవుతుంది. దాన్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు వేస్తూ ఆర్పుతూ ముక్కలు చేస్తుంది. అంత వేగంలో పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్ అరచేతిలో ఇమిడేంత చిన్నదైనా చాలు. బయటికి వచ్చే వోల్టేజీ పెరిగితే ముక్కలు సన్నబడతాయి, తగ్గితే లావవుతాయి. పారబోసేది తక్కువ కాబట్టి వేడీ తక్కువే.

ఇంటి కంప్యూటర్లలోకి ఈ పద్ధతిని ముందుగా తెచ్చిన వాటిలో 1977 నాటి ఆపిల్ టూ ఒకటి. ఫ్యాను చప్పుడు ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబడితే, రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు దానికి స్విచింగ్ సప్లై రూపొందించాడు. ప్రపంచంలో ఈ పద్ధతి అక్కడే పుట్టిందని కొందరు రాశారు. అది నిజం కాదు. పెద్ద కంప్యూటర్లలో, కొలత పరికరాల్లో స్విచింగ్ సప్లైలు అంతకుముందే ఉన్నాయి. హోల్ట్ గొప్పతనం దాన్ని మామూలు ఇంటి బల్ల మీది పెట్టెలో, అందుబాటు ధరలో ఇమడ్చడంలో ఉంది. ఆ మేరకు ఆయనకు దక్కాల్సిన పేరు దక్కాలి.

స్విచింగ్ పద్ధతికి ఒక దుర్గుణం ఉంది. సెకనుకు వేలసార్లు కరెంటును తెంపడం వల్ల రేడియోలో గరగర పుడుతుంది. అది ఇంటి వైర్ల గుండా బయటికి పాకకుండా కరెంటు లోపలికి వచ్చేచోట, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒక కెపాసిటర్ పెడతారు. దాన్ని ఎక్స్ తరగతి కెపాసిటర్ అంటారు. మొదట్లో పేలిందని చెప్పుకున్నది దీన్నే. దాని పని గరగర ఆపడమే కాబట్టి అది పోయినా కంప్యూటర్ ఆగదు.

ఆనాటి ఆస్టెక్ డబ్బాల్లో ఎక్కువగా స్వీడన్‌కు చెందిన రిఫా కెపాసిటర్లే వాడారు. లోహపు పూత పూసిన కాగితాన్ని చుట్ట చుట్టి, పారదర్శకమైన పసుపు ఎపాక్సీ దిమ్మలో పోతపోసి చేసేవాళ్లు. అవి నాసిరకం సరుకు కాదు. తమ కాలానికి మేలైనవే. చిన్న పొరపాటు జరిగితే తమను తాము బాగుచేసుకునే గుణం కూడా ఆ కాగితానికి ఉంది. కానీ దశాబ్దాలు గడిచేసరికి ఎపాక్సీ మీద వెంట్రుకల్లాంటి బీటలు పడతాయి. వాటిలోంచి తేమ లోపలికి చేరుతుంది. ఏళ్ల తరబడి అటక మీద తేమ పీల్చిన కాగితం మీద ఒక్కసారిగా మెయిన్స్ వోల్టేజీ పడితే వేడెక్కి, ఉబ్బి, పగిలిపోతుంది. బీబీసీ మైక్రోలో ఇలాంటివి రెండు. ఒకటి 100 నానోఫారడ్లది, రెండోది 10 నానోఫారడ్లది. ‘ఆపిల్ టూ-ఈ’ కంప్యూటర్ డబ్బాల్లోనూ ఇదే కథ. దిమ్మ మీద బీటలు కంటికి కనిపిస్తే ఇక ఆలోచించే పనే లేదు.

ఇక్కడ మన ఊళ్ల రిపేరు బల్లల మీద సులువుగా జరిగిపోయే పని ఒకటుంది. విలువ సరిపోయింది కదా అని, 400 వోల్టులు రాసి ఉన్న మామూలు కెపాసిటర్ తీసి అతికించేస్తారు. అలా చేయకూడదు. మెయిన్స్ మీద పెట్టే కెపాసిటర్ మీద ‘ఎక్స్2’ గుర్తు, ఏసీ వోల్టేజీ రేటింగ్ ఉండాలి. 275 వోల్టుల ఏసీ అని రాసి ఉన్న పాలీప్రొపిలీన్ రకం ఇప్పుడు తేలిగ్గా దొరుకుతుంది, కాగితం లేదు కాబట్టి తేమ బెడదా తక్కువ. కరెంటు వైపు నుంచి ఎర్త్‌కు కలిపే ‘వై’ తరగతి కెపాసిటర్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. అది షార్ట్ అయితే, ఎర్త్ సరిగా లేని ఇంట్లో లోహపు డబ్బా మొత్తం షాక్ కొడుతుంది.

రెండో జబ్బు నెమ్మదైనది. డబ్బాల్లాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. అది ఎండేకొద్దీ అవి కరెంటులోని ఒడుదొడుకులను నునుపు చేయలేకపోతాయి. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. గాలి ఆడని డబ్బాలో, వేసవి మధ్యాహ్నాల్లో నడిచిన యంత్రానికి ఈ లెక్క ఎలా పనిచేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. లక్షణాలు కూడా తికమక పెడతాయి. తెర మీద అలలు కదులుతాయి, ప్రోగ్రాం ఉన్నట్టుండి ఆగిపోతుంది, కొన్నిసార్లు స్విచ్ వేస్తే లేవదు. చిప్పు పోయిందనుకుని వారాలు వెతికేవాళ్లున్నారు. ఈ యంత్రంలో 220 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ ఒకదాన్ని ఆ రెండు రిఫాలతో కలిపి మార్చేయడం ఆనవాయితీ. కొత్తవి 105 డిగ్రీల రకం తీసుకోవాలి.

ఇంతవరకు చేస్తే మరమ్మతు. దీన్ని దాటి, డబ్బాలోని పాత బోర్డును పూర్తిగా తీసేసి కొత్త ఎస్‌ఎంపీఎస్ మాడ్యూల్ బిగించేవాళ్లూ ఉన్నారు. బీబీసీ మైక్రోకు ముఖ్యంగా కావలసింది 5 వోల్టులు. సీరియల్ పోర్టు లాంటి వాటి కోసం మైనస్ 5 వోల్టులు కొద్దిగా కావాలి. యంత్రం అడుగున ఉన్న సాకెట్ నుంచి డిస్క్ డ్రైవులకు ఇవ్వడానికి 12 వోల్టులు. ఈ మూడు వోల్టేజీలూ ఒకే బోర్డు మీద ఇచ్చే మాడ్యూళ్లను తైవాన్‌కు చెందిన మీన్ వెల్ లాంటి సంస్థలు పరిశ్రమల కోసం తయారుచేస్తాయి. కొత్తదాన్ని పాత లోహపు డబ్బాలోనే అమర్చి, పాత వైర్లనే వాడితే బయటి నుంచి తేడా తెలియదు.

అయితే ఏది మేలు? ఆస్టెక్ బోర్డు బతికి ఉన్నంతకాలం మూడు కెపాసిటర్లు మార్చి దాన్నే నడపడం మేలు. అది చక్కటి డిజైను, నలభై ఏళ్లు నిలిచి తన సత్తా చూపింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, బోర్డు నల్లగా మాడిపోయినా అప్పుడు మాడ్యూల్‌కు వెళ్లాలి. ‘ఎక్కువ ఆంపియర్లు’ అన్న మోజులో మంచి బోర్డును పీకేయడం అనవసరం. పైగా ఇప్పుడు ఈ యంత్రాల మీద భారం తగ్గింది. ఒకప్పటి ఫ్లాపీ డ్రైవుల స్థానంలో చాలామంది మెమరీ కార్డు వాడుతున్నారు కాబట్టి 12 వోల్టుల అవసరమే అరుదు. అవసరానికి మించి ఆంపియర్లిచ్చే సప్లై పెడితే, మదర్‌బోర్డులో ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు అది ఆగకుండా కరెంటు తోస్తూనే ఉండి, సన్నటి రాగి దారులను కాల్చేస్తుంది.

స్పెక్ట్రం విషయంలో మాత్రం మార్పే మంచిదని చెప్పాలి. సింక్లెయిర్ సంస్థ 1982లో తెచ్చిన ఈ చిన్న యంత్రానికి అడాప్టర్ బయట ఉన్నా, 9 వోల్టులను 5కు దించే 7805 అనే లీనియర్ రెగ్యులేటర్ లోపలే ఉంటుంది. యంత్రం 0.7 ఆంపియర్లు లాగితే, 4 వోల్టుల తేడా మీద కనీసం 2.8 వాట్లు కీబోర్డు కిందే వేడిగా మారతాయి. ఆ వేడికి చుట్టుపక్కల ఉన్న చిప్పులన్నీ బలి. అచ్చం 7805 కాళ్లలాగే మూడు కాళ్లున్న చిన్న స్విచింగ్ మాడ్యూళ్లు ఇప్పుడు వస్తున్నాయి. పాతది తీసి ఇది టంకం పెడితే వృథా అర వాటు చుట్టుపక్కలకు దిగుతుంది. మళ్లీ పాతదే పెట్టుకోవాలన్నా పది నిమిషాల పని.

స్పెక్ట్రంలోనే ఇంకో అపాయం ఉంది. తొలి 16 కిలోబైట్లకు వాడిన 4116 మెమరీ చిప్పులకు 5, 12, మైనస్ 5 వోల్టులు మూడూ కావాలి. 12 ఉండి మైనస్ 5 పోతే చిప్పులు కాలిపోతాయి. కాబట్టి ఏ మార్పు చేసినా ముందు మూడింటినీ కొలిచి చూసుకోవాలి.

డబ్బా విప్పే ముందు ప్లగ్గు పీకడం సరిపోదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టులు కొంతసేపు నిలిచే ఉంటాయి. ప్రాణం తీయడానికి అది చాలు. కాసేపు ఆగి, మల్టీమీటర్ డీసీ స్కేలులో పెట్టి, ఆ కెపాసిటర్ కాళ్ల మధ్య వోల్టేజీ దిగిపోయిందని చూశాకే చెయ్యి పెట్టాలి. మెయిన్స్ మీద పనిచేసిన అలవాటు లేనివాళ్లు ఈ భాగాన్ని అనుభవమున్న ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌కు అప్పగించడమే సరైనది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మార్చాక సప్లైని వెంటనే కంప్యూటర్‌కు తగిలించకూడదు. మన ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు బోర్డు ఇక్కడ చక్కగా ఉపయోగపడుతుంది. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచి గుర్తు. వెలుగుతూనే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే. పాత ఎస్‌ఎంపీఎస్‌లు లోడు లేకుండా సరిగా నడవవు. 5 వోల్టుల వైపు 5 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్ కలిపితే ఒక ఆంపియర్ లాగుతుంది, పరీక్షకు అది చాలు.

బీబీసీ మైక్రో మదర్‌బోర్డుకు వెళ్లే వైర్లు ఏడు. మూడు ఎర్రవి 5 వోల్టులు, మూడు నల్లవి జీరో, ఒక ఊదారంగుది మైనస్ 5. విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు తారుమారు కావు. చివరి కొలత సప్లై దగ్గర కాదు, మదర్‌బోర్డు మీద చిప్పుల దగ్గర తీయాలి. వైర్లలో, తుప్పు పట్టిన టెర్మినల్స్‌లో కొంత వోల్టేజీ పోతుంది. ఆ కాలపు చిప్పులకు 4.75 నుంచి 5.25 వోల్టుల వరకు ఫరవాలేదు. టెర్మినల్స్ శుభ్రం చేస్తేనే బాగుపడిన యంత్రాలు కొన్ని ఉన్నాయి.

ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో ఉన్న జాతీయ కంప్యూటింగ్ మ్యూజియంలో వరుసగా బీబీసీ మైక్రోలు పెట్టిన తరగతి గది ఒకటుంది. అద్దాల వెనక దాచినవి కావు. వచ్చిన పిల్లలు వాటి మీద బేసిక్ ప్రోగ్రాములు రాస్తారు. అంత నిత్య వాడకంలో ఉండే యంత్రాలకు పవర్ సప్లైలు విప్పి బాగుచేసుకోవడం తప్పనిసరి. ఎవరి ఇంట్లోనైనా, ఏ పాత బడి గదిలోనైనా ఇలాంటి యంత్రం కనిపిస్తే ముందు స్విచ్ వేసి చూడాలన్న ఆత్రం ఆపుకోవాలి. డబ్బా విప్పి కెపాసిటర్లు చూశాకే కరెంటు ఇవ్వాలి. తీసేసిన పాత భాగాలను, మార్చిన తేదీ, పెట్టిన విలువలు రాసిన చీటీతో ఒక సంచిలో వేసి యంత్రంతోనే ఉంచితే, తర్వాత దాన్ని విప్పేవాళ్లకు వెతుకులాట తప్పుతుంది.